అమ్మమ్మ ఎప్పుడొస్తుందని బాబు అడుగుతున్నాడు

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర పల్లె. అమ్మానాన్న బతుకుదెరువుకు బొంబాయి పోతే నన్ను అమ్మమ్మే పెంచింది. ముప్పై ఏళ్లు ఏఎన్ఎం నర్సుగా చేసి రిటైరైంది. టీకాకు రాని తల్లుల్ని తిట్టి మరీ పిల్లలకు సూది వేయించేది. ఆమె పోయి నాలుగు నెలలు. ఆరేళ్ల మా బాబుకు ఊరికెళ్లిందని చెప్పాం. రోజూ అడుగుతున్నాడు. ఆమె కాన్పుల నోట్‌బుక్ చూస్తే నాకు ఏడుపు ఆగదు. 'తీసి అవతల పెట్టు' అంటారు మావారు.

జవాబు: అమ్మా, ముందు బాబు సంగతి. ఊరికెళ్లిన మనిషి తిరిగొస్తుంది కదా, అందుకే వాడు ఎదురుచూస్తున్నాడు. రాకపోతే 'నామీద కోపమేమో' అనుకునే వయసు. 'నిద్రపోయింది' అనీ చెప్పకండి, రేపు మీరు పడుకున్నా భయపడతాడు. ఒళ్లో కూర్చోబెట్టుకుని 'అమ్మమ్మ చనిపోయింది, ఇక రాదు, ఇందులో నీ తప్పేం లేదు' అనండి. ఏడుస్తాడు, కాసేపటికి ఆటకు పోతాడు, మళ్లీ వచ్చి అదే అడుగుతాడు. పదిసార్లైనా అదే జవాబు చెప్పండి. మీ కన్నీళ్లు వాడు చూస్తే చూడనీయండి.

నోట్‌బుక్ మాత్రం అవతల పెట్టకండి. మీరు పంపిన పేజీలో 'ఆడపిల్ల, 2 కిలోల 100, మళ్లీ చూడాలి' అని ఉంది, కింద రెండు గీతలు. రెండున్నర కిలోలకు తక్కువ పుట్టిన బిడ్డ అంటే నర్సమ్మకు ఎంత టెన్షనో ఆ గీతల్లోనే తెలుస్తోంది. పల్స్ పోలియో 1995లో మొదలైంది. దేశాన్ని పోలియో రహితమని ప్రకటించింది 2014 మార్చిలో. ఆ మధ్య ఐస్ బాక్సు భుజాన వేసుకుని తండాలు తిరిగింది ఇలాంటి నర్సమ్మలే. అలాగని ఆమెను దేవతను చేయకండి. ఆ తిట్లు కూడా బాబుకు చెప్పండి, నవ్వుతాడు.

మీ ఆయన మాట కటువుగా ఉన్నా, మీరు ఏడుస్తుంటే ఏం చేయాలో తోచక అన్నదే అనుకుంటాను. 'మర్చిపోవాలని లేదు, కాసేపు పక్కన కూర్చో' అని అడిగి చూడండి. అయితే వారాల తరబడి నిద్ర, తిండి లేకపోయినా, బతకాలని లేదనిపించినా ఆగొద్దు, మానసిక ఇబ్బందులకు సాయం చేసే ప్రభుత్వ హెల్ప్‌లైన్ 14416కు ఫోన్ చేయండి. ఖర్చుండదు, తెలుగులోనే మాట్లాడతారు.

పెత్తరమాసకు పెద్దలకు బియ్యం ఇస్తారు కదా. మొదటి ఏడాది ఇవ్వొచ్చో లేదో ఇంట్లో పెద్దవాళ్లను అడగండి. ఇచ్చేట్టయితే బాబు చేత్తో పోయించండి. ఈలోగా ఆ 2 కిలోల 100 పిల్ల ఎక్కడుందో ఊళ్లో వాకబు చేయండి. ఇప్పుడు ఆమెకూ పిల్లలుంటారేమో.