పీఐడీ అంకెలు అడిగిన అమ్మలుకి

పెరంబూరు, చెన్నై

చి. అమ్మలుకి పెదనాన్న ఆశీస్సులు.

మొన్న ఫోన్‌లో నువ్వు అడిగింది ఒకటే: "పెదనాన్నా, పీఐడీకి ఏ అంకెలు పెట్టాలి?" పీఐడీ అంటే వేడి లాంటిదాన్ని కొలుస్తూ అనుకున్న చోట నిలబెట్టే కంట్రోలర్ పద్ధతి, దాని అంకెలు సరిచేయడమే ట్యూనింగ్. నీ ప్రశ్న ఫోన్‌లో తేలే విషయం కాదని ఈ ఉత్తరం రాస్తున్నాను. అంబత్తూరు కంపెనీలో చేరిన కొత్తలోనే ఓ హీట్ ఎక్స్‌చేంజర్ లూప్ (ఆవిరితో నీటిని వేడి చేసే యంత్రమూ, ఆ వేడిని కొలిచి సరిచేసే ఏర్పాటూ) అప్పగించి "హంటింగ్ అవుతోంది, చూడమ్మా" అన్నారంటే, అంటే వేడి ఒకచోట నిలవక ఊగుతోందన్నారంటే, టెన్షన్ సహజమే. బోడె ప్లాట్ (అల వేగాన్ని బట్టి లూప్ ఎంత బలంగా, ఎంత ఆలస్యంగా బదులిస్తుందో చూపే గీత) గీయడం వచ్చు, రూత్ పట్టిక (లూప్ ఊగుతూ చెయ్యి దాటిపోతుందో లేదో తేల్చే లెక్క) వేయడం వచ్చు, ప్యానెల్ ముందు నిలబడితే మాత్రం చేయి ఆడటం లేదన్నావు. అందులో నీ తప్పేమీ లేదు. మన కాలేజీల్లో దీన్ని లెక్కల పేపర్‌లా చెప్తారు. నువ్వు వాల్వ్ తిప్పాక యంత్రం ఎంతసేపటికి బదులిస్తుందో ఎవరూ చూపించరు. నన్నడిగితే ఈ సబ్జెక్టంతా ఆ ఆలస్యం గురించే.

అంకెల జోలికి పోకముందు లూప్‌ను మాటల్లో చెప్పడం నేర్చుకో. ఏం కొలుస్తున్నాం? ఎంత ఉండాలనుకుంటున్నాం? మన చేతిలో తిప్పడానికి ఏముంది? మనల్ని అడగకుండా వచ్చి చెడగొట్టేదేమిటి? నీ లూప్‌లో కొలిచేది బయటకు వచ్చే నీటి వేడి, ఉండాల్సింది 80 డిగ్రీలు, తిప్పేది ఆవిరి వాల్వ్. చెడగొట్టేవి నీటి ఫ్లో మారడం, బాయిలర్ దగ్గర ప్రెషర్ పడిపోవడం. ఈ నాలుగూ తడుముకోకుండా చెప్పగలిగితే పుస్తకంలో ఉన్న బ్లాక్ డయాగ్రమ్ నీకు వచ్చేసినట్టే. కొలిచి, తేడా చూసుకుని, వాల్వ్ తిప్పి, మళ్ళీ కొలవడం. ఈ చుట్టునే ఫీడ్‌బ్యాక్ అంటారు. కొలవకుండా లెక్క ప్రకారం తిప్పి వదిలేస్తే అది ఓపెన్ లూప్. అదేమీ తక్కువ రకం కాదు, చెడగొట్టేవేవీ లేని చోట అదే చవక.

ఇంకో సంగతి కూడా మొదటి రోజే కనుక్కో. ఆవిరి వాల్వ్‌ను నడిపే గాలి సరఫరా పోతే అది తెరుచుకుంటుందా, మూసుకుంటుందా? ఆవిరి వాల్వ్ సాధారణంగా మూసుకునేలా పెడతారు, కూలింగ్ వాటర్ వాల్వ్ తెరుచుకునేలా పెడతారు. వేడి పెరిగితే కంట్రోలర్ ఔట్‌పుట్ తగ్గాలా, పెరగాలా అన్నది దీన్ని బట్టే తేలుతుంది. ఆ దిశ తలకిందులైతే పీఐడీకి ఏ అంకెలు పెట్టినా లూప్ ఓ చివరకు పరుగెత్తి కూర్చుంటుంది.

ఇక ఆలస్యం. మీ హాస్టల్లో మేడ మీద సోలార్ హీటర్, కింద బాత్‌రూమ్ ఉన్నాయన్నావు కదా. వేడి నీళ్ళ పంపు తిప్పుతావు, చల్లగానే వస్తాయి. ఇంకా తిప్పుతావు. పైపులో ఉన్న చల్లనీళ్ళన్నీ అయిపోయాక ఒక్కసారిగా ఒళ్ళు కాలుతుంది. గబుక్కున వెనక్కి తిప్పితే కాసేపటికి వణుకు. ఇందులో నీ చేయి చేసిన తప్పేమీ లేదు, అందిన కబురు పాతది. పాత కబురు మీద కొత్త నిర్ణయం గట్టిగా తీసుకుంటే లూప్ ఊగుతుంది. నీ ఎక్స్‌చేంజర్‌లో జరుగుతున్నదీ బహుశా అదే.

కాబట్టి నీ మొదటి పని ట్యూనింగ్ కాదు, ఆ కబురు ఎంత పాతదో కొలవడం. షిఫ్ట్‌లో ఉన్న ఆపరేటర్‌ను అడుగు. ఆయన ఒప్పుకుంటేనే, లోడు నిలకడగా ఉన్నప్పుడు, కంట్రోలర్‌ను మాన్యువల్‌లో పెట్టు. వేడి ఒకచోట కుదురుకునే వరకు ఆగు. తరువాత ఔట్‌పుట్‌ను ఒక్కసారి 40 శాతం నుంచి 45కి జరిపి చేతులు కట్టుకుని కూర్చో. దీన్నే స్టెప్ టెస్ట్ అంటారు. చాలామంది చెడగొట్టేది ఇక్కడే, ఆగలేక మధ్యలో మళ్ళీ కదుపుతారు.

ఉదాహరణకు వేడి 80 నుంచి మెల్లగా ఎక్కి 86 దగ్గర ఆగిందనుకుందాం. ఐదు శాతానికి ఆరు డిగ్రీలు, అంటే ప్రాసెస్ గెయిన్ శాతానికి 1.2 డిగ్రీలు. వాల్వ్ కదిపాక మొదటి 20 సెకన్లు గీత అసలు కదలలేదు, అది డెడ్ టైమ్. మొత్తం పెరుగుదలలో 63.2 శాతం, అంటే 83.8 డిగ్రీలకు చేరడానికి వాల్వ్ కదిపిన క్షణం నుంచి 110 సెకన్లు పట్టింది. అందులో 20 తీసేస్తే 90 సెకన్లు టైమ్ కాన్‌స్టంట్. ఈ మూడు అంకెలతో నీ లూప్ స్వభావం దాదాపు తెలిసిపోతుంది. డెడ్ టైమ్ చిన్నది, టైమ్ కాన్‌స్టంట్ పెద్దది అయితే లూప్ మాట వింటుంది. డెడ్ టైమే పెద్దదైతే ఏ పీఐడీ వచ్చినా చాలా మెల్లగా నడపాల్సిందే. అప్పుడు కంప్యూటర్ వదిలేసి ఫీల్డ్‌లోకి వెళ్ళి చూడు. సెన్సర్‌ను ఎక్స్‌చేంజర్‌కు దూరంగా, పైపు వంపు అవతల ఎక్కడో పెట్టి ఉంటారు. ఆర్‌టీడీ (వేడి కొలిచే సెన్సర్) కొస, దాన్ని దూర్చే థర్మోవెల్ గొట్టం అడుగును తాకకపోయినా మధ్యలో ఉన్న గాలి పొర వల్ల కొలత మందగిస్తుంది. దాన్ని సరిచేస్తే వచ్చే లాభం అంకెలు మార్చితే రాదు.

ఇప్పుడు ఆ మూడక్షరాలు. 1922లో మినోర్‌స్కీ అనే ఇంజనీరు ఓడను ఆటోమేటిగ్గా నడపడం గురించి రాస్తూ, మంచి చుక్కానిదారు ఏం చేస్తాడో గమనించి దాన్ని లెక్కలో పెట్టాడు. ఇప్పుడున్న తేడా, ఇప్పటిదాకా పోగైన తేడా, తేడా మారుతున్న వేగం. పీ, ఐ, డీ అంటే ఇవే.

పీ ఒక్కటే ఉంటే కొంత తేడా మిగిలిపోతుంది. ఎందుకో పుస్తకాల్లో ఓ సమీకరణంతో దాటేస్తారు. తేడా సున్నా ఉన్నప్పుడు వాల్వ్ 50 శాతంలో ఉందనుకో. నీటి ఫ్లో పెరిగి ఇప్పుడు 60 కావాలి. డిగ్రీకి 2 శాతం చొప్పున తెరిచే కంట్రోలర్ ఆ అదనపు 10 శాతం ఇవ్వాలంటే 5 డిగ్రీల తేడా ఎప్పటికీ అలాగే ఉండాలి. తేడా పోతే ఆ పదీ పోతుంది. అదే ఆఫ్‌సెట్. ఐ దాన్ని తీసేస్తుంది, తేడా ఉన్నంతసేపు ఔట్‌పుట్‌ను జరుపుతూనే ఉంటుంది కాబట్టి. దానికీ ఓ రోగం ఉంది. వాల్వ్ 100 శాతం తెరుచుకుని ఇంకా తేడా మిగిలి ఉంటే ఐ లోపల్లోపల పోగవుతూనే ఉంటుంది. వేడి సెట్ పాయింట్ (ఉండాల్సిన విలువ) దాటినా ఆ పోగు కరిగేదాకా వాల్వ్ దిగదు. దీన్ని వైండప్ అంటారు. నీ కంట్రోలర్‌లో యాంటీ వైండప్ ఆన్‌లో ఉందో లేదో చూడు. డీ మాటకొస్తే, కొత్తలో దాన్ని సున్నాలోనే ఉంచు. కొలతను కంట్రోలర్‌కు పంపే ట్రాన్స్‌మిటర్‌లో ఉన్న చిన్న నాయిస్‌ను (అనవసరపు వణుకును) కూడా పెంచి వాల్వ్‌ను వణికిస్తుంది. వేడి లాంటి మెల్లటి లూపుల్లో పనికొస్తుంది గానీ తొందరేం లేదు.

అంకెలకు జీగ్లర్, నికోల్స్ 1942లో ఇచ్చిన సూత్రాలు అందరూ వాడతారు. పీ బలాన్ని, అంటే గెయిన్‌ను, పెంచుతూ పోయి లూప్ ఆగకుండా ఒకే ఎత్తులో ఊగే చోటు పట్టుకుని, ఆ గెయిన్‌లో 0.45 వంతు, ఆ ఊగు కాలాన్ని 1.2తో భాగిస్తే వచ్చిన ఇంటిగ్రల్ టైమ్ (ఐ ఎంత వేగంగా పనిచేయాలో చెప్పే అంకె) పెట్టమంటారు, పీఐకి. నడుస్తున్న ప్లాంటులో అలా ఊగించడానికి ఎవరూ ఒప్పుకోరు, నువ్వూ అడగకు. ఆ అంకెలు దూకుడైనవి కూడా. స్టెప్ టెస్ట్ నుంచి లెక్క కట్టి, వచ్చిన గెయిన్‌లో సగంతో మొదలుపెట్టు. సెట్ పాయింట్ రెండు డిగ్రీలు జరిపి చూడు. బద్ధకంగా ఉంటే పెంచవచ్చు.

అసలు ట్యూనింగ్ తప్పేనా అని కూడా అనుమానించు. లూప్ హంటింగ్ అవుతుంటే మాన్యువల్‌లో పెట్టి చూడు. అప్పుడూ ఊగుతుంటే గొడవ బయటి నుంచి, బహుశా ఆవిరి హెడర్ (ఆవిరిని పంచే పెద్ద పైపు) నుంచి వస్తోంది. ఆగిపోతే మన లూప్‌లోనే ఉంది. ఇక వాల్వ్‌ను మాన్యువల్‌లో ఒక్కో శాతం జరుపు. రెండు మూడు శాతాల వరకు ఉలుకూ పలుకూ లేకుండా ఆ తరువాత ఒక్కసారి గంతు వేస్తే వాల్వ్ పట్టేస్తోందన్నమాట. ట్రెండ్‌లో ఔట్‌పుట్ రంపపు పళ్ళలా, కొలత మెట్లలా కనిపించినా అనుమానం దాని మీదే. మణలిలో ఓ ప్లాంటులో ఇలాంటి లూప్‌కు వచ్చినవాళ్ళందరూ గెయిన్ తగ్గించుకుంటూ పోయారు, చివరికి అది కదలడమే మానేసింది. గ్లాండ్ ప్యాకింగ్ (వాల్వ్ కాడ చుట్టూ లీకు ఆపేది) బిగించేసిన ఫిట్టర్‌ను ఎవరూ అడగలేదు. చేతిలో మీటర్ ఉంటే కరెంటూ చూడు. 4 నుంచి 20 మిల్లీ ఆంపియర్ల సిగ్నల్‌లో 12 వస్తే వాల్వ్ సగంలో ఉండాలి. సున్నా బదులు 4తో మొదలుపెట్టింది కూడా వైరు తెగిందో, కొలత నిజంగానే సున్నానో తెలియడానికే.

నువ్వు చదివిన లెక్కలు వృథా కాలేదు, ఇప్పుడు పనికొస్తాయి. ఆవిరి యంత్రాలకు పెట్టిన గవర్నర్లు (వేగాన్ని నిలకడగా ఉంచే పరికరాలు) కొన్ని ఎందుకు ఊగుతాయో మాక్స్‌వెల్ 1868లో సమీకరణంతో చూపించాడు. ఆయన సగంలో వదిలిన ప్రశ్నకు రూత్ 1877లో ఇచ్చిన జవాబే నీ పట్టిక. బోడె ప్లాట్‌లో ఫేజ్ గీత అంటే ఆ ఆలస్యమే, ఇంకో వేషంలో. 40 సెకన్లకు ఒకసారి ఊగే అలకు 20 సెకన్ల డెడ్ టైమ్ సరిగ్గా అర అల, 180 డిగ్రీలు. తగ్గించాల్సిన చోట కంట్రోలర్ పెంచుతుంది, ఎదురు తిప్పాల్సిన ఫీడ్‌బ్యాక్ వంత పాడుతుంది. టైమ్ కాన్‌స్టంట్ కూడా తన వంతు ఆలస్యం కలుపుతుంది కాబట్టి, నీ లూప్ ఇంకా మెల్లటి అలకే ఆ స్థితికి చేరుతుంది. ఫేజ్ మార్జిన్ అనేది ఆ ప్రమాదానికి మనం ఎంత దూరంలో ఉన్నామన్న కొలత. నీ స్టెప్ టెస్ట్ అంకెలతో ఆ బోడె ప్లాట్ ఒకసారి గీసి చూడు.

ప్లాంటులో ఆడుకోలేవు కాబట్టి ఇంట్లో ఓ లూప్ కట్టు. ఎలక్ట్రానిక్స్ సామాను దొరికే రిచీ స్ట్రీట్‌లో ఆర్డ్యునో బోర్డు (ప్రోగ్రాం రాసుకునే చిన్న కంప్యూటర్ బోర్డు), ఎల్‌ఎం35 సెన్సర్, 33 ఓమ్‌ల 10 వాట్ల సిమెంట్ రెసిస్టర్, ఐఆర్‌ఎల్‌జెడ్44ఎన్ మాస్‌ఫెట్ (కరెంటును ఆన్, ఆఫ్ చేసే స్విచ్), 12 వోల్టుల అడాప్టర్ అన్నీ దొరుకుతాయి. 12 వోల్టులకు ఆ రెసిస్టర్ నాలుగున్నర వాట్ల లోపే తింటుంది, అయినా చేయి పెట్టకు. ఎల్‌ఎం35 డిగ్రీకి 10 మిల్లీ వోల్టులు ఇస్తుంది, చదవడం తేలిక. రెసిస్టర్‌ను ఓ అల్యూమినియం పట్టీకి బిగించి, సెన్సర్‌ను మొదట దానికి ఆనించి 50 డిగ్రీల దగ్గర నిలబెట్టేలా ట్యూన్ చెయ్యి. అంకెలు ముట్టుకోకుండా సెన్సర్‌ను పట్టీ మీద నాలుగు వేళ్ళ దూరం జరుపు. అప్పటిదాకా బుద్ధిగా ఉన్న లూప్ ఏం చేస్తుందో గీత గీయించి నాకు పంపు.

ఆదివారం రిచీ స్ట్రీట్‌లో షాపులు చాలావరకు మూసే ఉంటాయి, శనివారం వెళ్ళు. స్టెప్ టెస్ట్ ట్రెండ్ కూడా పంపు. కింద టైమ్ కనిపించేలా ప్రింట్ తీయి, లేకపోతే నాకేమీ తెలియదు. పెద్దమ్మ నీకోసం కందిపొడి కొట్టి ఉంచింది, వచ్చేటప్పుడు ఖాళీ డబ్బా తెచ్చుకో.

ఇట్లు
పెదనాన్న