బుజ్జి గిటార్‌కు వైరింగ్

చిరంజీవి బుజ్జికి,

పెదనాన్న ఆశీస్సులు. నువ్వు సొంతంగా చేస్తున్న ఎలక్ట్రిక్ గిటార్ ఫోటోలు చూశాను. బాడీ నున్నగా వచ్చింది, మెడ బిగువుగా కూర్చుంది. కానీ మూడు పికప్‌లు (తీగల కదలికను కరెంటు సంకేతంగా మార్చేవి), వాటిలో ఏది పలకాలో ఎంచే స్విచ్, కంట్రోళ్లు అన్నీ ఒకే రాత్రి కలిపేస్తానన్నావే, అది మాత్రం వద్దు తల్లీ. ముందు ఒక్క పికప్‌ను పలికించు. దాని రెండు వైర్లు నేరుగా జాక్‌కి (ఆంప్లిఫయర్ కేబుల్ గుచ్చే చోటికి) కలిపి, ఆంప్లిఫయర్, అదే ఆంప్, ఆన్ చేసి, స్క్రూడ్రైవర్‌తో పికప్ మీద మెల్లగా తట్టు. టక్‌మని వినిపిస్తే వాల్యూమ్ కలుపు, తర్వాత స్విచ్, తర్వాత రెండో పికప్. ఎక్కడ మూగబోతే తప్పు ఆ చివర కలిపిన చోటే ఉంటుంది. ఇన్నేళ్లుగా ఆంప్లిఫయర్లు, చర్చిల్లో వాయించే పిల్లల గిటార్లు బాగుచేస్తున్నా, నేను ఇప్పటికీ ఇలాగే చేస్తాను.

పికప్ వైరును పట్టి లాగకు. లోపల చుట్టిన తీగ వెంట్రుకంత సన్నం, తెగితే అతకలేం. ఒక్కోదాన్నీ మల్టీమీటర్‌తో కొలిచి రాసి పెట్టుకో. నీవాటిలా ఒకే తీగచుట్ట ఉన్న సింగిల్ కాయిల్ పికప్ అయితే 6 కిలో ఓమ్‌ల చుట్టుపక్కల చూపాలి. ఏమీ చూపకపోతే లోపల తెగినట్టే.

నిన్ను ఎక్కువ తిప్పలు పెట్టేది ఆ ఐదు స్థానాల స్విచ్. 1954లో ఫెండర్ కంపెనీ స్ట్రాటోకాస్టర్ గిటార్ వచ్చినప్పుడు దాని స్విచ్‌కి మూడు స్థానాలే. వాయించేవాళ్లు లివర్‌ను రెండింటి మధ్య ఇరికించి, రెండు పికప్‌లు కలిసి పలికే ఆ గమ్మత్తయిన శబ్దం రాబట్టుకునేవారు. 1977లో కంపెనీయే ఐదు స్థానాల స్విచ్ పెట్టింది. నీ స్విచ్‌కి ఎనిమిది కాళ్లున్నాయి, అంటే నాలుగేసి కాళ్ల స్విచ్‌లు రెండు కలిపి ఉన్నట్టు. కొన్నింటిలో కాళ్లు రెండు వైపులా ఉంటాయి, కొన్నింటిలో నీదాంట్లోలా ఒకే వరుసలో ఉంటాయి. అందుకే ఎవరో గీసిన వైరింగ్ బొమ్మ చూసి వైర్లు కలపకు. మీటర్‌ను, రెండు కాళ్లు లోపల కలిసి ఉంటే కూసే బీప్‌లో పెట్టి లివర్ ఒక్కో స్థానానికీ జరుపు. ఒక్కో సగంలో, ప్రతి స్థానంలోనూ బీప్‌లో పాల్గొనే కాలే ఆ సగానికి కామన్. పికప్‌లు కలిపిన సగంలోని కామన్ నుంచే వాల్యూమ్‌కి వైరు వెళ్లాలి. ఐదు స్థానాలూ కాగితం మీద రాసుకున్నాకే సోల్డరింగ్ ఐరన్ వేడి చెయ్యి.

అన్నీ కలిపాక, రెండు పికప్‌లు కలిసే స్థానంలో శబ్దం పీలగా, ముక్కుతో మాట్లాడినట్టు వస్తే కంగారుపడకు. రెండూ ఎదురు ఫేజ్‌లో ఉన్నాయి, అంటే ఒకదాని శబ్దాన్ని ఇంకొకటి కొట్టేస్తోంది. మధ్య పికప్ వైర్లు రెండూ తారుమారు చెయ్యి. నీవి ప్లాస్టిక్ కవర్లవి కాబట్టి ఇబ్బంది లేదు. లోహపు కవర్ గ్రౌండ్‌కి కలిసి ఉంటే మాత్రం ముందు దాన్ని విడదీయాలి.

వాల్యూమ్, టోన్‌లను తిప్పే పాట్‌లు (పొటెన్షియోమీటర్లు) 250కె, అంటే 250 కిలో ఓమ్‌లవి, సరిపోతాయి. కోఠీ గుజరాతీ గల్లీలో అడిగితే మామూలుగా బి అని రాసినవి చేతిలో పెడతారు. నువ్వు ఏ250కె అని అడుగు. బి పెడితే వాల్యూమ్ మెల్లగా కాకుండా ఒక చివర ఒక్కసారిగా పడిపోయినట్టుంటుంది. పాట్ వెనక గ్రౌండ్ సోల్డర్ చేసేముందు గరుకు కాగితంతో గీకు. 25 వాట్ల ఐరన్‌తో ఆ రేకు వేడెక్కేసరికి లోపలిది పాడవుతుంది. 40 వాట్లది తీసుకుని చప్పున ముగించు.

ఇక బ్రిడ్జికి గ్రౌండ్ వైరు. తీగల మీద చెయ్యి పెట్టగానే హమ్ తగ్గితే అది పనిచేస్తున్నట్టు. కానీ అప్పుడు నీ చెయ్యి ఆంప్ లోహపు బాడీకి కలిసినట్టే. ఒకసారి ఓ కార్యక్రమంలో మైకుకి పెదవి తగిలి ఒక కుర్రాడు విలవిల్లాడటం కళ్లారా చూశాను. ఆంప్ ప్లగ్గుకి ఎర్త్ పిన్ను విరగ్గొట్టి ఉంది. మీది పాత ఇల్లు. సాకెట్‌కి మూడో రంధ్రం ఉన్నంతమాత్రాన దాని వెనక ఎర్త్ ఉన్నట్టు కాదు. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి చూపించు. అది తేలేదాకా ఆంప్ పెట్టొద్దు. ఈ ఒక్క విషయంలో నా మాట కాదనకు.

ఈ కవర్లో 0.022 మైక్రోఫారడ్ కెపాసిటర్లు రెండు పెట్టాను, టోన్‌కి వాడు. మొదటి పికప్ కలిపిన రోజు నాకు ఫోన్ చేసి, ఫోన్ ఆంప్ దగ్గర పెట్టి తట్టు. నేను వింటాను.

ప్రేమతో,
పెదనాన్న