పాప పాల లెక్క ఎప్పుడు ఆపాలి

అమ్మీ,

మీ అమ్మ ఫోన్లో అంతా చెప్పింది. రాత్రి రెండింటికి పాప పాలు వదలకముందే నువ్వు ఇంకో చేత్తో ఫోన్ తీసి పాల లెక్క రాసే యాప్‌లో టైమ్ నొక్కుతున్నావంట. బెంగళూరులో ఉన్న అల్లుడు అదే యాప్ చూసి, తొమ్మిదింటికి పాలు పట్టలేదా అని అడుగుతున్నాడంట. ఆ గోల ఆపేయమని మీ అమ్మ అంటుంది, ఆపితే ఏమవుతుందోనని నీకు టెన్షన్. ఏఎన్ఎం నర్సుగా ఊళ్లు తిరిగినదాన్ని కదా, నాకు తోచింది రాస్తున్నా.

రాయడం మొదలుపెట్టి మంచి పనే చేశావు. రొమ్ముపాలు ఎన్ని పోయాయో కంటికి కనబడవు. అందుకే బయటికి వచ్చేదాన్ని చూసి లోపలికి పోయింది లెక్కగడతాం. మొదటి రోజు ఒక తడి గుడ్డ, రెండో రోజు రెండు, అట్లా పెరిగి ఐదో రోజు దాటాక 24 గంటల్లో కనీసం 6 ఉండాలి. నల్లగా జిగటగా వచ్చే మలం ఐదో రోజుకల్లా పసుపు రంగుకు రావాలి. రోజుకు 8 నుంచి 12 సార్లు తాగాలి. ఇదంతా పాలు అందుతున్నాయా లేదా అని తెలుసుకోవడానికే. అది తెలిశాక ఇంకా రాసుకుంటూ కూర్చోవడం దేనికి?

అది తేల్చేది బరువు. పుట్టిన బిడ్డ మొదటి రోజుల్లో కాస్త తగ్గుతుంది, వందకు 7, ఒక్కోసారి 10 వంతుల దాకా. రెండు వారాలకల్లా పుట్టినప్పటి బరువుకు మళ్లీ రావాలి. ఆ తర్వాత రోజుకు 20 నుంచి 30 గ్రాములు పెరిగితే చాలు. మీ పాప 2.9 కిలోలతో పుట్టింది, రెండు వారాలకు 3 కిలోలు, ఇప్పుడు మూడు వారాలు నిండేసరికి 3.2. ఇంకేం కావాలి నీకు? ఒక్కటి మాత్రం చూసుకో, ఎప్పుడూ ఒకే తక్కెట్లో, బట్టలు తీసి తూచాలి. ఆసుపత్రిలో ఒకసారి, అంగన్‌వాడీలో ఒకసారి తూచి, తగ్గిందని ఏడ్చిన తల్లులను చానా మందిని చూశాను.

అన్నీ ఒకేసారి మానేయమనడంలేదు. నిమిషాలు రాయడం ఈ రోజే మానేయ్. ఒక బిడ్డ పది నిమిషాల్లో కడుపు నింపుకుంటుంది, ఇంకో బిడ్డ నలభై నిమిషాలు నోట్లో పెట్టుకుని నిద్రపోతుంది. గుటక వినబడుతోందా, తాగాక పిడికిలి వదులైందా అని చూడు. అలారం పెట్టి లేపడం కూడా ఆపు. పుట్టిన బరువు దాటింది కదా, ఆకలైతే తనే లేస్తుంది. తడి గుడ్డల లెక్క మాత్రం ఇంకో వారం పెట్టుకో. డైపర్ వేస్తే తడి తెలియడం కష్టం. కొత్త డైపర్లో మూడు పెద్ద చెంచాల నీళ్లు పోసి చేత్తో ఎత్తి చూడు, ఆ బరువు గుర్తుంటుంది. వచ్చేవారం తూచినప్పుడు కూడా పెరిగితే అది కూడా వదిలేయ్.

నెల తక్కువ పుట్టిన బిడ్డకు, రెండున్నర కిలోల లోపు బిడ్డకు, కామెర్లు ఇంకా తగ్గని బిడ్డకు ఈ మాటలు చెప్పను. వాళ్లకు డాక్టర్ ఆపమనేదాకా రాయాల్సిందే.

ఆపాక నిన్ను భయపెట్టేవి కొన్ని వస్తాయి. ఆరు వారాలప్పుడు పాప సాయంత్రమంతా రొమ్ము వదలదు. పాలు చాలట్లేదని ఎవరో ఒకరు అంటారు, డబ్బా పాలు తెస్తారు. చాలకపోవడం కాదు, ఎదిగే వయసు. తర్వాత మూడు నాలుగు రోజులు దొడ్డికి పోకపోవచ్చు. మెత్తగా వచ్చి, కడుపు ఉబ్బకుండా, హాయిగా తాగుతుంటే ఏమీ కాదు. మీ జేజి ఆముదం పట్టమంటుంది, పట్టొద్దు. మన కడప ఎండలకు గొంతు తడపమని నీళ్లు కూడా పట్టమంటారు. ఆరు నెలల దాకా చుక్క నీళ్లు వద్దు. ఎండ ఎక్కువైతే ఇంకోసారి పాలివ్వు, నీళ్లు నువ్వు తాగు.

ఆరేడు గంటలు గుడ్డ తడవకపోయినా, మాడు లోపలికి పోయినా, లేపినా లేవకుండా పాలు మానేసినా, జ్వరం 100.4 డిగ్రీలు ఉన్నా, దాటినా ఆ పూటే ఆసుపత్రికి పోండి. మళ్లీ రాయడం మొదలుపెట్టాల్సింది అప్పుడు, అది కూడా డాక్టర్‌కు చూపించడానికి రెండు మూడు రోజులు.

ఆశా కార్యకర్త 42వ రోజు దాకా వచ్చి చూస్తుంది, ఆరు వారాలకు టీకాలకు పోతారు. అప్పుడు తూచిన బరువు తల్లీబిడ్డల కార్డులోని గీతల పటంలో గుర్తు పెట్టించుకో. అల్లుడికి ఆ పేజీ ఫోటో తీసి పంపు. యాప్ కంటే దాన్ని చూసి ఆయనకు ధైర్యం వస్తుంది. దూరాన ఉన్నాడు, పాపను ఎత్తుకోలేక అంకెలు పట్టుకున్నాడు, కోప్పడొద్దు.

ఒక్కటి మాత్రం రాస్తూనే ఉండండి. డాక్టర్ విటమిన్ డి చుక్కలు రాసుంటే, వేసినప్పుడల్లా గోడ క్యాలెండర్లో టిక్కు పెట్టండి. పొద్దున మీ అమ్మ ఒకసారి, స్నానం పోశాక నువ్వు ఒకసారి వేస్తే రెండింతలు పోతుంది.

పెద్దమ్మ
కడప