ఎమ్మెల్యే జీవితం రాయబోతున్న తమ్ముడికి

తమ్ముడూ,

నువ్వు పంపిన మొదటి అధ్యాయం రెండుసార్లు చదివాను. మీ నియోజకవర్గం నుంచి మూడుసార్లు గెలిచిన పెద్దాయన జీవితం పుస్తకంగా తేవాలన్న నీ ఆలోచన నాకు చాలా నచ్చింది. ముఖ్యమంత్రుల మీద రాసేవాళ్లకు కొదవలేదు, ఎమ్మెల్యేలను మాత్రం పట్టించుకున్నవాళ్లు తక్కువ. ఎన్నికల ఫలితాల పట్టికలో ఒక పేరు, పక్కన వచ్చిన ఓట్లు, మెజారిటీ, చాలామంది శాసనసభ్యుల గురించి మనకు మిగిలేది అంతే.

కానీ నీ అధ్యాయం కూడా ఆ పట్టికలాగే నడిచింది. పుట్టారు, చదివారు, సర్పంచ్ అయ్యారు, గెలిచారు, మళ్లీ గెలిచారు. మధ్యలో ‘అపర భగీరథుడు’, ‘బడుగు బలహీన వర్గాల ఆశాజ్యోతి’. అవి ఫ్లెక్సీల మీద ఎవరి ఫొటో కిందైనా సరిపోయే మాటలు, ఈ మనిషి గురించి అవి ఏమీ చెప్పవు, తీసెయ్. నువ్వు రాయాల్సింది గెలుపుకీ గెలుపుకీ మధ్య ఉన్న అయిదేళ్లు.

దానికి ముందు అసెంబ్లీ చర్చల సంపుటాలు చదువు. సభలో జరిగినదంతా అచ్చయి ఉంటుంది. ప్రశ్నోత్తరాల్లో ఆయన ఏం అడిగారు, మంత్రి ఏం జవాబిచ్చారు, ఆ జవాబుతో సరిపెట్టుకున్నారా, లేక అనుబంధ ప్రశ్న వేసి నిలదీశారా అన్నది చూడు. బడ్జెట్ పద్దుల మీద కోత తీర్మానాలు, అంటే ఆ ఖర్చు తగ్గించమనే ప్రతిపాదనలు ఇచ్చారా, అత్యవసర విషయాలు ఎత్తే జీరో అవర్‌లో ఏ ఊరి పేరు ఎత్తారు, ప్రభుత్వ ఖర్చులను పరిశీలించే ప్రజా పద్దుల కమిటీలోనో అంచనాల కమిటీలోనో ఉంటే ఆ నివేదికలు ఏం చెబుతున్నాయి, ఇవన్నీ చూడాలి. సభలో మంత్రి ‘పరిశీలిస్తాం’ అన్న పని ఏమైందో అడగడానికి హామీల కమిటీ అని ఒకటుందని చాలామందికి తెలియదు, అక్కడ కూడా వెతుకు. విసుగొస్తుంది, కానీ ఒక సాగునీటి కాలువ గురించి ఒకే మనిషి వరసగా మూడు సమావేశాల్లో అడగడం నీ కంటపడిన రోజు నీ పుస్తకానికి వెన్నెముక దొరికినట్టే.

ఇక ఆయన ‘వేయించిన’ రోడ్లు. ఈ మాట నీ అధ్యాయంలో చాలా చోట్ల ఉంది, నన్ను బాగా ఇబ్బంది పెట్టింది కూడా ఇదే. ఎమ్మెల్యే రోడ్డు వేయడు. అర్జీ తీసుకుంటాడు, సిఫార్సు లేఖ ఇస్తాడు, మంత్రి దగ్గరికి, కలెక్టర్ దగ్గరికి తిరుగుతాడు. నియోజకవర్గ అభివృద్ధి నిధుల పనికైనా ఆయన ప్రతిపాదిస్తే, ఇంజనీర్లు ఎస్టిమేట్ వేసి, అధికారులు మంజూరు చేసి, టెండర్ లాంటివన్నీ అయ్యాకే పని మొదలవుతుంది. కాబట్టి ఏదో ఒక్క పని పట్టుకుని చివరిదాకా వెళ్లు: అర్జీ ఎవరు రాశారు, జీవో ఎప్పుడొచ్చింది, బిల్లు ఎక్కడ ఆగింది. శిలాఫలకం మీద తేదీని మాత్రం నమ్మకు, అది శంకుస్థాపన రోజుది, ఆ తర్వాత పని ఎన్నేళ్లు పడుకుందో రాయి చెప్పదు. ఇలా ఒక్క కల్వర్టు కథ పూర్తిగా చెబితే, పాఠకుడికి ఎమ్మెల్యే చేతిలో ఏముంది, ఏం లేదు అన్నది తెలుస్తుంది, అప్పుడు ఆయన పడ్డ కష్టానికి నిజమైన విలువా వస్తుంది.

ఓటమి దగ్గర నువ్వు ఒకే వాక్యం రాసి దాటేశావు. అది అన్యాయం. కమ్యూనిస్టు ఎమ్మెల్యే గుమ్మడి నర్సయ్య గారిని చూడు, ఇల్లెందు నుంచి 1983, 1985, 1989 ఎన్నికల్లో గెలిచి, 1994లో ఓడి, 1999, 2004లలో మళ్లీ గెలిచారు. అందరూ ఆయన బస్సులో అసెంబ్లీకి వెళ్లడం గురించే చెబుతారు, నేనైతే పదవి లేని ఆ అయిదేళ్ల గురించి రాసినవాళ్ల కోసం చూస్తాను. కమ్యూనిస్టు నేత పుచ్చలపల్లి సుందరయ్య గారి విషయంలోనూ నిరాడంబరతే గుర్తుండిపోయింది. పార్లమెంటుకు సైకిల్ మీద వెళ్లారన్న సంగతి పిల్లలకు కూడా తెలుసు, గన్నవరం ఎమ్మెల్యేగా ఆయన సభలో ఏం మాట్లాడారో చెప్పమంటే పెద్దవాళ్లు కూడా తడుముకుంటారు. నిరాడంబరత గొప్పదే, కాదనను, కానీ దానితోనే కథ ముగిస్తే ఆ మనిషి చేసిన పని కనబడకుండా పోతుంది. మరో కమ్యూనిస్టు నేత తరిమెల నాగిరెడ్డి గారు 1952లో జైల్లో ఉండి నీలం సంజీవరెడ్డి గారిని ఓడించి మద్రాసు శాసనసభకు వెళ్లారు, 1969లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ సభ్యత్వాన్నే వదులుకున్నారు. 1952కీ 1969కీ మధ్య చట్టసభ మీద ఒక మనిషి నమ్మకం ఎలా మారుతూ వచ్చిందన్నది ఆయన జీవితంలో అసలు ప్రశ్న. మీ పెద్దాయన జీవితంలో అలాంటి ప్రశ్న ఏదో నువ్వు కనిపెట్టాలి. దొరికేదాకా రాయడం ఆపినా పర్లేదు.

పార్టీ మారిన సంగతి దాచకు. ఫిరాయింపుల చట్టం 1985లో వచ్చింది, ఆయన మారింది దానికి ముందా తర్వాతా అన్నది చూసుకుని, ఆయన ఆ రోజు చెప్పిన కారణం, అప్పటి కార్యకర్తలు చెప్పే కారణం రెండూ పక్కపక్కన పెట్టు. తీర్పు నువ్వు ఇవ్వక్కర్లేదు. 2003 నుంచి అభ్యర్థులు ఆస్తులు, అప్పులు, కేసులు అఫిడవిట్‌లో చెప్పాల్సిందే, అవి ఎవరైనా చూడొచ్చు, ఆయన పోటీ చేసిన ప్రతి ఎన్నికవీ తీసి పోల్చు. కుటుంబం వాళ్లు పుస్తకం ఖర్చు భరిస్తామన్నారని రాశావు కదా, డబ్బు తీసుకో లేదా మానుకో, అది నీ ఇష్టం, కానీ ఈ రెండు విషయాలు పుస్తకంలో ఉంటాయని ముందే చెప్పెయ్. తర్వాత టెన్షన్ ఉండదు.

పెద్దాయన పీఏని తప్పకుండా కలువు. పొద్దున్నే ఇంటి ముందు ఎవరెవరు నిలబడేవాళ్లు, పింఛన్ల కోసమా, ఆస్పత్రి లెటర్ల కోసమా, బదిలీల కోసమా, భూమి తగాదాలకా, ఆ సంగతి ఆయనకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. పెద్దాయన భార్యను కూడా కలువు, వచ్చినవాళ్లందరికీ టీలు, భోజనాలు చూసిన మనిషిని నీ అధ్యాయంలో ‘ధర్మపత్ని’ అన్న ఒక్క మాటతో సరిపెట్టావు, ఆవిడ పేరు కూడా లేదు.

రెండో అధ్యాయంలో చిన్నప్పటి సంగతులు రాయకు, ఓడిపోయిన తర్వాతి ఏడాది రాసి పంపు. ఆ ఏడాది గురించి పేపర్లలో పెద్దగా దొరకదు కాబట్టి ఊళ్లు తిరగాల్సి వస్తుంది. తిరిగేటప్పుడు ఆయన అనుచరుల కారు ఎక్కకు, వాళ్లు నిన్ను తమకు నచ్చిన ఇళ్లకే తీసుకెళ్తారు. బస్సులో వెళ్లు, ఆయనకు ఓట్లు తక్కువ పడ్డ ఊరితో మొదలుపెట్టు.