ఫ్లెక్సీ డబ్బు తీసుకోవాలా?

ప్రశ్న: నెల్లూరు దగ్గర ఒక యూనివర్సిటీలో ఎం.ఏ. చదువుతున్నాను. అన్ని పార్టీల వాళ్లం కలిసి రాజకీయ చర్చా క్లబ్ పెట్టాం. మొదట నలభై మంది వచ్చేవారు, ఇప్పుడు ఏడుగురే. ఒక నాయకుడు ఫ్లెక్సీలకు, బిర్యానీకి డబ్బిస్తానంటున్నారు. తీసుకోమంటారా సార్? చాలా టెన్షన్‌గా ఉంది.
- ఒక విద్యార్థిని, కోవూరు

జవాబు: వద్దమ్మా. కావలిలో చదువుకునే రోజుల్లో మేమూ ఇలాగే ఒకాయన దగ్గర తీసుకున్నాం. రెండో నెలకే మీటింగ్‌లో ఎవరు మాట్లాడాలో ఆయనే చెప్పసాగాడు. మూడో నెలకి క్లబ్ లేదు. ఆ బాధ నాకింకా ఉంది. తలా ఇరవై రూపాయలు వేసుకోండి, టీకి, జిరాక్సులకు చాలు. లెక్క రాసి అందరికీ కనబడేలా అంటించండి.

మనుషులు తగ్గింది బిర్యానీ లేక కాదు. 'ప్రజాస్వామ్యం, యువత' అని పెడితే ఎవరొస్తారు? మన జిల్లా సంగతి తీయండి. అక్షరాస్యత తరగతుల్లో చదువుకున్న దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు. 1992లో ఆ పోరు జిల్లా అంతా పాకింది. 1993లో రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. వీలైతే ఆ ఊరికే వెళ్లి, అప్పటివాళ్లను అడిగి రండి. పది ఉపన్యాసాల పెట్టు.

క్యాంపస్ ఎన్నికల ఆలోచన ఉంటే ఒక్కమాట. 2006లో సుప్రీంకోర్టు అమలు చేయమన్న లింగ్డో కమిటీ సిఫార్సుల ప్రకారం అభ్యర్థి ఖర్చు 5,000 రూపాయలు దాటకూడదు, ప్రింటు పోస్టర్లు కూడా కుదరవు.

అధ్యక్షత వారానికొకరికి ఇవ్వండి. ముందుగా మీకు అస్సలు పడని పార్టీ అబ్బాయికివ్వమ్మా.