అద్దె ఫ్లాటు, పైన డాబా: మొదటి యాంటెన్నా ఏది కొనాలి, అసలు కొనాలా?

మీరు అడిగింది ఇదీ: కొత్తగా హామ్ రేడియో (అభిరుచిగా నడిపే సొంత వైర్‌లెస్ స్టేషన్) లైసెన్సూ, వీయూ3తో మొదలయ్యే కాల్ సైన్ (స్టేషన్ గుర్తింపు పేరు) వచ్చాయి, హైదరాబాదులో ఐదంతస్తుల అపార్ట్‌మెంటులో మూడో అంతస్తులో అద్దెకుంటున్నారు, డాబా వాడుకోవడానికి ఓనరు ఒప్పుకున్నారు, 40 మీటర్ల బ్యాండూ (7 మెగాహెర్ట్జ్ దగ్గర) 2 మీటర్ల బ్యాండూ (145 మెగాహెర్ట్జ్ దగ్గర) రెండూ కావాలి, ఆన్‌లైన్‌లో చూసిన మల్టీబ్యాండ్ వర్టికల్ (పలు బ్యాండ్లకి పనిచేసే నిలువు యాంటెన్నా) కొనొచ్చా, ఎస్‌డబ్ల్యుఆర్ (పంపిన పవరులో ఎంత తిరిగొస్తోందో సూచించే అంకె, 1 అంటే ఏమీ తిరిగి రానట్టు) ఎంత ఉండాలి అని. చివర్లో సీబీ (సిటిజన్ బ్యాండ్ రేడియో) గురించి కూడా అడిగారు.

నన్నడిగితే కొనకండి. ఆ డబ్బు పెట్టి మంచి కేబులు, ఒక నానో వీఎన్ఏ (యాంటెన్నా ఏ ఫ్రీక్వెన్సీకి కుదిరిందో గ్రాఫులో చూపే చిన్న పరికరం) తీసుకోండి. యాంటెన్నా మీరే కట్టుకోవచ్చు, అదే అన్నిటికంటే చౌక. నేను సరిగ్గా దీనికి తలకిందులుగా చేసి ఏడాది వృథా చేసుకున్నాను కాబట్టి చెబుతున్నా.

నా మొదటి సెటప్ 2 మీటర్లకి. ఖరీదైన ఫైబర్‌గ్లాస్ వర్టికల్ కొని డాబా మీద పైపుకి బిగించి, అక్కడి నుంచి మా ఇంటి దాకా 30 మీటర్ల ఆర్‌జీ-58 కేబులు దింపాను. ఎస్‌డబ్ల్యుఆర్ మీటరు 1.3 చూపించింది. ఇంకేం, అంతా సూపర్ అనుకున్నా. కానీ రిపీటర్ (మన సిగ్నల్ అందుకుని తిరిగి ప్రసారం చేసే స్టేషన్) తగిలితే తగిలేది, లేకపోతే లేదు, అవతలివాళ్లు "గొంతు నురగలా వస్తోందండీ" అనేవాళ్లు. రేడియో మీద అనుమానం, మైకు మీద అనుమానం, చివరికి ఒక సీనియర్ హామ్ ఇంటికొచ్చి, పైకెళ్లి యాంటెన్నా దగ్గర కనెక్టర్ ఊడదీసి ఇప్పుడు తక్కువ పవర్‌లో ఒక్క క్షణం నొక్కి మీటరు చూడమన్నారు. చూస్తే 1.7! యాంటెన్నా లేదు, కేబులు చివర గాల్లో వేలాడుతోంది, అయినా మీటరు 1.7 అంటోంది.

సంగతేమిటంటే 145 మెగాహెర్ట్జ్ దగ్గర ఆర్‌జీ-58 లాంటి సన్న కేబులు 30 మీటర్లకి దాదాపు 6 డీబీ (డెసిబెల్స్, అంటే పవరులో ముప్పావు వంతు) తినేస్తుంది. నేను 25 వాట్లు పంపితే పైకి చేరేది ఆరు వాట్లు, మిగతాది కేబుల్లో వేడి. తిరిగొచ్చే పవరు కూడా అదే కేబుల్లో మళ్లీ అరిగిపోయి వస్తుంది కాబట్టి కింద మీటరుకి అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. ఎస్‌డబ్ల్యుఆర్ అంటే యాంటెన్నాకి మార్కులు కావు. డమ్మీ లోడ్ (యాంటెన్నా బదులు పవరంతా వేడిగా మార్చేసే రెసిస్టరు) పెట్టినా 1 చూపిస్తుంది, దాంతో పక్కవీధికి కూడా వినపడరు. మీ ప్రశ్నకి సూటిగా చెప్పాలంటే, 1.5 దగ్గర తిరిగొచ్చేది 4 శాతం, 2 దగ్గర 11 శాతం. రెండు లోపుంటే వదిలేయండి, 1.1 కోసం డాబా మెట్లు ఎక్కి దిగి మోకాళ్లు అరగదీసుకోవద్దు.

అందుకే 2 మీటర్లకి లావుపాటి ఆర్‌జీ-213 గానీ, దానికంటే నష్టం తక్కువున్న కేబులు గానీ వెయ్యండి. యాంటెన్నాకి ఒక సాకెట్, ఐదు ఇత్తడి కడ్డీలు చాలు (వెల్డింగ్ సామాన్ల షాపులో దొరికే బ్రేజింగ్ రాడ్లు భేషుగ్గా పనికొస్తాయి). నిలువు కడ్డీ 49 సెంటీమీటర్లు, కింద నాలుగు కడ్డీలు కొంచెం పొడుగ్గా, 45 డిగ్రీలు కిందికి వంచి. ఇప్పటికీ నేను వాడేది అదే. ఆ ఫైబర్‌గ్లాస్ వర్టికల్ అమ్మేశాను.

ఇక 40 మీటర్లు. హౌస్ వైరింగ్ వైరుతో ఇన్వర్టెడ్ వీ (మధ్యలో కేబులు కలిపి, రెండు వైపులా కిందికి వాలేలా తిరగేసిన V ఆకారంలో కట్టే తీగ యాంటెన్నా) కట్టండి. మా డాబా 40 బై 50 అడుగులు, మూల నుంచి మూలకి 64 అడుగులు, అంటే పందొమ్మిదిన్నర మీటర్లు. మెట్ల గది మీద నిలబెట్టిన పైపు కొసన మధ్య భాగం, రెండు చివర్లూ ఎదురెదురు మూలల్లో పిట్టగోడ దగ్గర నైలాన్ తాళ్లకి. మీ డాబా చిన్నదైతే చివరి మీటరో రెండు మీటర్లో పక్కకి వంచేయండి, ఏమీ కాదు. ఇంత తక్కువ ఎత్తులో దూర దేశాలు కష్టమే గానీ విజయవాడ, విశాఖ, బెంగళూరు పగటిపూట హాయిగా వస్తాయి, ఎందుకంటే సిగ్నల్ చాలావరకు నిట్టనిలువుగా పైకెళ్లి అయనోస్పియర్ (చాలా ఎత్తున రేడియో తరంగాల్ని వెనక్కి తిప్పే పొర) తగిలి చుట్టుపక్కలే దిగుతుంది.

కొలతకి 143ని మెగాహెర్ట్జ్‌తో భాగిస్తే మొత్తం పొడవు మీటర్లలో వస్తుంది. 7.1కి 20.1 మీటర్లు. కానీ అంతే కొయ్యకండి. నేను ఒక్కో వైపు 10.3 చొప్పున 20.6 వేశాను. వీఎన్ఏ గ్రాఫులో గుంట (ఎస్‌డబ్ల్యుఆర్ అతి తక్కువుండే చోటు) 6.880 మెగాహెర్ట్జ్ దగ్గర కనిపించింది. పీవీసీ తొడుగున్న వైరు, పైగా చివర్లు స్లాబుకి దగ్గర, రెండూ కలిసి ఫ్రీక్వెన్సీని కిందికి లాగుతాయి. అప్పుడు లెక్క తేలికే: 20.6ని 6.880తో గుణించి 7.1తో భాగిస్తే 19.96. అంటే 64 సెంటీమీటర్లు ఎక్కువుంది, ఒక్కో వైపు 32 తగ్గించాలి. కత్తిరించకుండా ఆ ముక్కని వెనక్కి మడిచి వైరుకే చుట్టేయండి, రేపు ఇల్లు మారితే మళ్లీ పనికొస్తుంది. నాకు రెండో ప్రయత్నంలోనే 7.090 దగ్గర 1.4 వచ్చింది, తాళ్లు బిగించి కిందికొచ్చేశాను.

అక్కడితో అయిపోయిందనుకున్నా. సాయంత్రం మాట్లాడటం మొదలుపెడితే ల్యాప్‌టాప్ మౌస్ బిగుసుకుపోయింది. కాసేపటికి కింది ఫ్లాటు ఆంటీ వచ్చి "బాబూ, మా స్పీకర్లో బాతు అరిచినట్టు వస్తోంది, మీ దగ్గర్నుంచేనా?" అన్నారు. నా గొంతే ఆంటీ అని ఎలా చెప్పను! చోక్ (కేబులు బయటి వైపు పారే కరెంటుని ఆపే చుట్ట) పెట్టకపోతే కేబులు తొడుగు కింద ఉండే లోహపు జాలీ కూడా యాంటెన్నాలో మూడో కాలు అయిపోయి, ఇళ్లన్నిటి పక్కనుంచీ రేడియేట్ చేసుకుంటూ దిగుతుంది. ఎఫ్‌టీ240-31 ఫెరైట్ రింగు మీద ఆర్‌జీ-58ని 12 చుట్లు చుట్టి వైరు మధ్యలో కనెక్టర్ దగ్గరే పెట్టాను, బాతు పోయింది. కోఠి గుజరాతీ గల్లీలో పేరు తెలియని రింగులు బోలెడు కనిపిస్తాయి, అన్నీ దీనికి పనికిరావు, మెటీరియల్ నంబరు (పైన పేరు చివరున్న 31 లాంటిది) చూసి కొనండి.

వినికిడి సంగతి వేరే. మాకు రాత్రిళ్లు నాయిస్ రేడియోలోని సిగ్నల్ మీటరు మీద ఎస్7 ఉండేది. ఒకరోజు రేడియోని బ్యాటరీ మీద పెట్టి మా ఫ్లాటు మెయిన్ ఆపేస్తే ఎస్3కి పడిపోయింది. దొంగ మా ఇంట్లోనే, ఒక చవక ఎల్ఈడీ స్ట్రిప్ అడాప్టరు. లిఫ్టు మోటారుని మాత్రం ఏమీ చెయ్యలేం.

వానాకాలానికి ముందు పైన కనెక్టర్లన్నీ సెల్ఫ్ అమాల్గమేటింగ్ టేపుతో (సాగదీసి చుడితే తనకు తానే అతుక్కుపోయే రబ్బరు టేపు) చుట్టండి, మామూలు ఇన్సులేషన్ టేపు ఒక ఎండాకాలానికే జిగురు కారి ఊడిపోతుంది. నా మొదటి కనెక్టర్ విప్పితే చెంచాడు నీళ్లు వచ్చాయి, జాలీ ఆకుపచ్చగా మారిపోయింది. కేబులు ఇంట్లోకి దూరే ముందు కిందికి ఒక వంపు తిప్పితే నీళ్లు అక్కడే కారిపోతాయి. సంక్రాంతి వారం రోజులూ నేను వైరు దించేస్తాను. మాంజా చిక్కుకుంటే పిల్లలు పిట్టగోడ ఎక్కి లాగుతారు, వైరు తెగితే కట్టుకుంటాం, పిల్లాడు పడితే? ఉరుములు మొదలవకముందే కేబులు ఊడదీసి కిటికీ బయటికి వెయ్యడం మరిచిపోవద్దు. మీ బిల్డింగు పక్కనుంచి 11 కేవీ లైను వెళ్తుంటే, పైపు గానీ వైరు గానీ ఎటు పడినా దాన్ని తాకే అవకాశమే ఉండకూడదు. ఉంటే ఆ వైపు ఆలోచనే మానేయండి.

సీబీకి 26.957 నుంచి 27.283 మెగాహెర్ట్జ్ వరకు, 5 వాట్ల లోపు, మన దేశంలో లైసెన్సు అక్కర్లేదు. పావు తరంగం దాదాపు 2.6 మీటర్ల నిలువు తీగ, కింద అలాంటివే మూడో నాలుగో. కట్టడం తేలికే, కానీ నేను నెల రోజులు విన్నా ఎవరూ దొరకలేదు. మీ ఫ్రెండు దగ్గర కూడా ఒక సెట్టు ఉంటే కట్టండి, లేకపోతే ఆ పైపు 2 మీటర్లకి వాడుకోండి.