స్కేట్‌బోర్డు మీద బెజవాడ దాకా: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: తలసీమియా పిల్లలకు సాయం చేసే ఒక ట్రస్టు కోసం నేనూ, నా స్నేహితుడూ హైదరాబాద్ నుంచి విజయవాడకు లాంగ్‌బోర్డు (దూరాలకు వాడే పొడవాటి స్కేట్‌బోర్డు) మీద వెళ్దామనుకుంటున్నాం. మూడు రోజులు చాలవా? ఏ బోర్డు కొనాలి?
– ఒక పాఠకుడు, ఉప్పల్

జవాబు: చాలవు. 65వ నంబరు హైవే మీద దూరం సుమారు 270 కిలోమీటర్లు. ఆరు రోజులు పెట్టుకోండి. చౌటుప్పల్, నకిరేకల్, సూర్యాపేట, కోదాడ, నందిగామల్లో రాత్రి బస. మూడో రోజు నకిరేకల్–సూర్యాపేట మధ్య దూరం తక్కువ. పిక్కలు పట్టేసేది సరిగ్గా అప్పుడే కాబట్టి అది మంచిదే. డిసెంబరు, జనవరిల్లో వెళ్లండి. ఆ నెలల్లో పొగమంచు ఉంటుంది కాబట్టి బాగా వెలుతురు వచ్చాకే బోర్డెక్కండి. ఎండాకాలంలో తారు మెత్తబడి చక్రాన్ని వెనక్కి లాగుతుంది. ఎల్బీ నగర్‌లో జెండా ఊపించుకున్నా, స్కేటింగ్ మాత్రం పెద్ద అంబర్‌పేట దాటాకే మొదలుపెట్టండి.

బోర్డు విషయంలో ముందు చూడాల్సింది: డెక్ (మీరు నిలబడే చెక్క) నేలకు ఎంత దగ్గరగా ఉంది. ఒక్కో పుష్‌కు (కాలితో నేలను ఒకసారి తన్నడానికి) ఐదు మీటర్లు వెళ్తారనుకున్నా 50 కిలోమీటర్లకు పదివేల పుష్‌లు. అన్నిసార్లూ బోర్డు మీదున్న మోకాలు వంగి లేవాలి. అందుకే నిలబడే భాగం కిందికి దిగి ఉండే డ్రాప్ డెక్ తీసుకోండి. చక్రాలు 85–90 మిల్లీమీటర్లవి, గట్టిదనం 78ఏ (మెత్తటి రకం) దగ్గర ఉండాలి. పార్కుల్లో ట్రిక్కులకు వాడే 52 మిల్లీమీటర్ల గట్టి చక్రానికి బఠాణీ గింజంత రాయి తగిలినా బోర్డు ఆగిపోతుంది, మీరు ఆగరు. పెద్ద చక్రాలు వేశాక ఒక పక్కకు పూర్తిగా వాలి చూడండి. చక్రం డెక్‌కు తగిలితే ట్రక్కుకూ (చక్రాల ఇరుసును పట్టి ఉంచే లోహపు భాగం) డెక్‌కూ మధ్య రైజర్ ప్యాడ్ అనే ఎత్తు పెంచే బిళ్ల వేయాలి.

రెండు కాళ్లతోనూ పుష్ చేయడం కనీసం రెండు నెలల ముందు నుంచే నేర్చుకోండి. దారిలో ప్రతి కిలోమీటరు రాయి దగ్గర కాలు మార్చండి. నేలకు రాసి బ్రేకు వేసే కాలి బూటుకు అడుగు అరిగిపోతుంది, రెండో జత బూట్లు ఉండాల్సిందే.

పడేసేది ఎత్తుపల్లాలు కాదు, రోడ్డు మీదుండే చిన్న చిన్న అడ్డంకులు. కూడళ్ల ముందు అడ్డంగా వేసే మందపాటి తెల్ల పట్టీలు, వంతెనల అతుకుల సందులు, కోతల రోజుల్లో ఆరబోసిన వడ్లు, వాటి చుట్టూ పేర్చిన రాళ్లు. వీటి దగ్గర దిగి నడవండి, పరువేం పోదు. సామాను వీపున మోస్తే తూలిపోతారు, తోడుగా వచ్చే కారులో వేయండి. ఆ కారు మీ వెనకాలే నత్తనడకన రాకూడదు. లారీలు దాన్నే గుద్దుతాయి. ఐదు కిలోమీటర్లు ముందుకెళ్లి, రోడ్డు దిగి ఆగాలి. దారిలోని జిల్లాల పోలీసులకు ముందే రాతపూర్వకంగా చెప్పండి. హైవే సాయానికి 1033.

ఓఆర్‌ఎస్ ప్యాకెట్ మీద 20.5 గ్రాములని ఉంటే మొత్తం ఒకేసారి లీటరు నీళ్లలో కలపాలి. సగం ప్యాకెట్, గ్లాసు నీళ్లు అన్న లెక్క వద్దు.

ప్రశ్న: వానలో తిరిగాక చక్రాలు కీచుమంటున్నాయి. తుప్పు వదిలించే స్ప్రే కొట్టాను. రెండు రోజులు బాగుంది, మళ్లీ మొదటికొచ్చింది.
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: ఆ స్ప్రే బేరింగుల (చక్రం తేలిగ్గా తిరగడానికి లోపల ఉండే గుళ్ల రింగులు) గ్రీజును కడిగేసి తను ఆరిపోతుంది. మిగిలేది దుమ్ము. 13 మిల్లీమీటర్ల స్పానర్‌తో నట్టు తీసి, యాక్సిల్ (ఇరుసు) కొనతోనే ఎనిమిది బేరింగులూ ఊడదీయండి. రబ్బరు మూతను సూదితో అంచు దగ్గర లేపండి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అనే స్పిరిటులో జాడించి, పూర్తిగా ఆరాక కుట్టుమిషను నూనె రెండు చుక్కలు వేయండి, అంతకు మించితే మట్టి పడుతుంది. వేలితో తిప్పినప్పుడు ఇంకా గరగరమంటే బాగుచేసే ప్రయత్నం మానేయండి. బేరింగుల షాపులో 608 అని అడిగితే ఇస్తారు: లోపలి వ్యాసం 8, బయటి వ్యాసం 22, మందం 7 మిల్లీమీటర్లు. నట్టు బిగించేటప్పుడు చక్రం పక్కలకు వెంట్రుకవాసి కదిలేలా వదలండి.

ప్రశ్న: ఆరోగ్య సంస్థల కోసం ఇలా నిజంగా ఎవరైనా వెళ్లారా? మా తమ్ముడి యాత్రకు ఇక్కడి తెలుగువాళ్లం డబ్బు పంపొచ్చా?
– ఒక పాఠకురాలు, డాలస్

జవాబు: మీ దేశంలోనే జాక్ స్మిత్ అనే ఆయన స్కేట్‌బోర్డు మీద అమెరికాను ఈ చివరి నుంచి ఆ చివరికి పలుమార్లు దాటాడు. 2003లో తన కొడుకును బాధించిన లో (Lowe) సిండ్రోమ్ అనే అరుదైన జబ్బు కోసం, 2013లో అల్జీమర్స్ కోసం.

డబ్బు సంగతి: మీ తమ్ముడి సొంత యూపీఐకి పంపించకండి. పోస్టరు మీద ట్రస్టు క్యూఆర్ కోడే ఉండాలి, రసీదు ట్రస్టే ఇవ్వాలి. అక్కడున్నా భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లు బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్లు పంపితే, ఓసీఐ (భారత సంతతివాళ్లకు ఇచ్చే) కార్డున్నా సరే, విదేశీ విరాళమే. ట్రస్టుకు ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) కింద రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ లేకపోతే తీసుకోవడానికి వీల్లేదు. ఇక్కడి దాతలకు పన్ను మినహాయింపు కావాలంటే నగదు 2,000 రూపాయలు దాటకూడదు. బోర్డు, బస, కారు డీజిల్ ఖర్చును విరాళాల్లోంచి తీస్తారా, చేతి నుంచి పెట్టుకుంటారా అన్నది బయల్దేరక ముందే పోస్టరు మీద రాయించండి.